మా ఇంటికి ఏ రంగు

జనవరి 7, ఆదివారం

అక్కకు చెల్లెలి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం, గోడలే ఇంకా క్షేమంగా లేవు. మీరిద్దరూ బాగున్నారనీ, బావగారి మోకాలు మెట్లెక్కేటప్పుడు తప్ప మిగతా వేళల్లో నోరు మూసుకునే ఉందనీ అనుకుంటున్నాను.

రెండు బస్సులు మారితే వచ్చే ఇంటికి ఉత్తరమేమిటని బావగారు నవ్వుతారు. నవ్వనీ. ఫోన్ చేస్తే నా గొంతు నా మాట వినదు. ఇరవై రెండేళ్ళుగా కోర్టులో స్టెనోగా కూర్చుని ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ రాసి రాసి, నాకు నోటికన్నా చేతిమీదే నమ్మకం ఎక్కువైపోయింది. పైగా అయిదు నెలలు మాట్లాడుకోకుండా ఉన్నాక హలో అనడం ఎంత కష్టమో నీకు వేరే చెప్పాలా. నువ్వూ చెయ్యలేదుగా.

సంగతేమిటంటే, ఇంటికి రంగులు వేయిస్తున్నాను. నువ్వింకా చూడలేదు కాబట్టి చెప్తాను. మూడో అంతస్తు. ఒక హాలు, రెండు గదులు, వంటిల్లు, బాల్కనీ. బాల్కనీ ఎంతంటే, ఒకళ్ళు నిలబడి ఉంటే రెండోవాళ్ళు వచ్చేముందు చెప్పి రావాలి. ఇంతవరకూ ఆ ఇబ్బంది రాలేదులే. కట్టినవాళ్ళు గోడలకి సున్నం లాంటిదేదో ఒక పూత పూసి చేతులు దులుపుకున్నారు. గోడకి ఆనుకుంటే చాలు, వీపంతా తెల్లబడుతుంది. అలాగే కోర్టుకి వెళ్ళిపోతున్నాను. మొన్న జడ్జిగారి ముందే గుమాస్తా, మేడమ్ మీ వీపు అన్నాడు. అందరూ చూశారు. ఇంట్లో ఇంకొక మనిషి ఉంటే గుమ్మం దాటకముందే దులిపి పంపేది. నా వీపు నాకు అందదు కదా.

అందుకని ఒక పెయింటరుని పిలిచాను. పెద్దాయన, అరవై దాటి ఉంటాయి. ఒక్కడే వస్తాడు, భుజంమీద నిచ్చెన మోసుకుంటూ. వచ్చిన రోజున ఇల్లంతా తిరిగి ప్రతి గోడమీదా అరచెయ్యి ఆనించి చూశాడు. ఇక్కడ తడి ఉంది, ఇక్కడ పుట్టీ బాగా పట్టించాలి, ఈ మూల మేస్త్రీ నిద్రపోయాడు అని ఒక్కొక్క గోడ జబ్బూ చెప్పాడు. అన్నీ అయ్యాక, ఏ రంగు వేద్దామమ్మా అని అడిగాడు.

అక్కా, నాకు నలభై ఆరేళ్ళు వచ్చాయి. ఇంతవరకూ నన్ను ఎవరూ ఏ రంగు అని అడగలేదు. చిన్నప్పుడు నీ గౌను నీకు పొట్టి అయితే నాకొచ్చేది, దాని రంగే నా రంగు. నీ ఇంట్లో గోడల రంగు బావగారూ నువ్వూ ఏది అనుకుంటే అది. కోర్టులో సరేసరి, గోడలన్నీ గచ్చకాయ రంగు, మా మొహాలతో సహా. అందుకని ఆయనతో, మేం ఇంకా అనుకోలేదండీ, ఆలోచించుకుని చెప్తాం అన్నాను.

సరేనని ఆయన హాల్లో ఒక గోడమీద అయిదు రంగులు, ఒక్కొక్కటీ పత్రిక సగం పేజీ అంత పూసి పెట్టాడు. ముందు నేను నోటికొచ్చినట్టు చెప్పిన లేత ఆకుపచ్చ, తర్వాత పాలమీగడ రంగు, లేత నీలం, ఇటుక రంగు. అయిదోది లేత వంకాయరంగు. అది నేను అడగలేదు, ఎక్కడో పనిలో మిగిలిపోయిన డబ్బా ఆయన దగ్గరుంటే దాన్నీ పూశాడు. మీ ఇంట్లోవాళ్ళంతా చూసుకుని చెప్పండి అన్నాడు.

మా ఇంట్లోవాళ్ళు ఎవరూ లేరని చెప్పొచ్చు. చెప్పలేదు. నా ఇల్లు అనడానికి నోరు తిరగదక్కా. మనలో ఎవరంటారు అలాగ? ఒంటిగాడైనా మా ఇల్లు అనే అంటాడు. నా ఇల్లు అంటే ఎవరితోనో తగాదా పడుతున్నట్టు ఉంటుంది. మా అంటే వెనకాల నలుగురున్నట్టు, కాస్త ధైర్యంగా ఉంటుంది.

ఆ మాట దగ్గరికే వస్తున్నాను. ఇంతకాలం నీకు చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను. కిందటేడు ఆగస్టు పదకొండు, శుక్రవారం, సాయంత్రం ఆరూ పది. మీ హాలుకి రంగులు వేయిద్దామని అనుకుంటున్న రోజులు. నేను కోర్టునుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతూ, హాలుకి లేత ఆకుపచ్చ వేయిద్దామా అక్కా అన్నాను. నువ్వు వంటింటి గుమ్మం దగ్గర అటు తిరిగి నిలబడి ఉన్నావు. భుజంమీద తువ్వాలు ఉంది. వెనక్కి తిరగకుండానే అన్నావు. నీ మాటలు నీవే, ఒక్క అక్షరం మార్చడం లేదు. మా ఇంటికి ఏ రంగు వేసుకోవాలో మాకు తెలుసు, బయటివాళ్ళు చెప్పక్కర్లేదు.

మన ఇల్లు అంటే అందులో నేనున్నాను. నాతో మా ఇల్లు అంటే నేను లేను. ఈ ఊరి కోర్టుకి బదిలీ అయిన కొత్తలో పదిహేను రోజులుంటానని వచ్చి పందొమ్మిదేళ్ళు ఉన్నాను నీ దగ్గర. నన్ను గుమ్మం బయట పెట్టడానికి నీకు ఒక్క అక్షరం చాలింది. ఆ పూట తలనొప్పి అని అన్నం తినకుండా పడుకున్నాను, గుర్తుందా? మర్నాటినుంచే ఇల్లు వెతకడం మొదలుపెట్టాను. నా అదృష్టం, పది రోజుల్లో దొరికింది. ఇల్లు చూసుకున్నాను, వెళ్తున్నాను అని మాత్రం నీతో చెప్పాను. ఎందుకే అని నువ్వు అడిగితే, కోర్టుకి దగ్గరని చెప్పాను. నువ్వు నమ్మలేదు. నేను సామాను సర్దుతుంటే వచ్చి సాయం చెయ్యలేదు, వద్దనీ అనలేదు. ఆ రోజునుంచి ఇద్దరం బిగుసుకుని కూర్చున్నాం.

నువ్వు వచ్చి ఇల్లు చూడాలని రాస్తున్నానో, ఇది చదివి బాధపడాలని రాస్తున్నానో నాకే తెలియడం లేదు. రెండూ కావచ్చు. రంగులు అయిపోయేలోగా ఒక్కసారి రా. నువ్వు రాకుండా ఈ ఇల్లు పూర్తయిందని నాకు అనిపించదు.

ఉంటాను,
నీ చెల్లెలు


జనవరి 21, ఆదివారం

అక్కకు నమస్కారం. బావగారికి కూడా.

ఆయన మోకాలు, నీ కోపం ఈ రెండింటిలో ఏది ముందు తగ్గితే దాని సంగతి రాయి. రెండు వారాలు చూశాను. పోస్టు పెట్టె తాళం తీసి చూడటం నాకు ఇప్పుడో పని అయింది. కరెంటు బిల్లు తప్ప నా పేరున ఏదీ రావడం లేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇంటి కబుర్లు ఇంకెవరికి చెప్పను?

పుట్టీ అయింది. ఉప్పుకాగితంతో రుద్దడమూ అయింది. ఆ నాలుగు రోజులూ ఇల్లంతా పిండిమర. కంచంలో, దిండుమీద, స్టెనో పుస్తకం మడతల్లో కూడా పొడి. మా పడకగదికి లేత నీలం వేశాడు. చూశావా, పడకగదికి కూడా మా అనే రాస్తున్నాను.

పెద్దాయన ఉండగా ఇల్లు వేరుగా ఉంటుందక్కా. పొద్దున నేను బయల్దేరేసరికి నిచ్చెనమీద ఉంటాడు. వెళ్ళొస్తానండీ అంటాను. పైనుంచే, మంచిదమ్మా, క్షేమంగా వెళ్ళిరా అంటాడు. అయిదు నెలల్లో ఆ మాట అనడానికి నాకొక మనిషి దొరకడం ఇదే మొదలు. సాయంత్రం వచ్చేసరికి చేతులు కడుక్కుంటూ ఉంటాడు, ఆ రోజు ఏ గోడ ఎలా మొండికేసిందో చెప్పి వెళ్తాడు. ఆ పది నిమిషాల కోసం నేను బస్టాండు నుంచి గబగబా నడుస్తున్నానని మొన్ననే గమనించుకుని సిగ్గుపడ్డాను. ఆదివారం వస్తే తన అన్నం డబ్బా తనే తెచ్చుకుంటాడు. హాల్లో పాత కాగితాలు పరుచుకుని ఎదురెదురుగా కూర్చుని తింటాం. నేను నీళ్ళు అందిస్తాను. అంతకన్నా ఏమీ లేదు, అయినా ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింటున్నాను.

ఇంతకీ అసలు కథ వేరే ఉంది. మేం అనుకుని చెప్తాం, మాకు ఇటుక రంగు నచ్చలేదు, మా ఇంట్లో వంటింటికి మసి పట్టని రంగు కావాలి, ఇలా నేను అన్న మేం, మాకు, మా అన్నీ విని ఆయన నాకో సంసారం కట్టిపెట్టాడు. అయ్యగారు ఎప్పుడు దిగుతారమ్మా అని ఒకరోజు అడిగాడు. పొయ్యిమీద ఏదో ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయాను. సాక్షి జవాబు చెప్పలేదు అని మేం రాసుకుంటాం చూడు, అచ్చం అలాగే.

బుధవారం ఇంటికి వచ్చేసరికి గుమ్మంలోనే ఎదురొచ్చాడు. కళ్ళు మూసుకుని రండి అన్నంత సంబరంగా చిన్న గది తలుపు తీశాడు. గది మొత్తం గుమ్మడిపువ్వు పసుపు! సగం దాకా నున్నటి నూనెరంగు. పిల్లలు గీతలు గీసినా తడిగుడ్డ పెట్టి తుడిస్తే పోతుందమ్మా అన్నాడు. ఇంతింత ఎత్తులో, నా నడుందాకా కూడా రాకుండా, రెండు కొక్కేలు. బడిసంచులు వాళ్ళంతట వాళ్ళే తగిలించుకుంటారట. ఆ చిన్న గదికి మీ ఇష్టమండీ అని అంతకుముందు ఆయనతో అన్నాను, మరి ఆయన ఇష్టం అదీ.

చాలా బాగుందండీ అన్నాను. ఆయన వెళ్ళాక బోర్లించిన బకెట్‌మీద కూర్చుని ఆ కొక్కేలు చూస్తూ చాలాసేపు ఉండిపోయాను. ఏడుపు రాలేదు. నవ్వూ రాలేదు. ఎవరో నా పేరున వేరేవాళ్ళ సామాను దించి వెళ్ళినట్టు ఉంది.

మర్నాడు చెప్పేశాను. ఉండేది నేనొక్కదాన్నేనండీ, ఇంకెవరూ రారు అన్నాను. ఆయన బ్రష్షు డబ్బాలో పెట్టి నావైపు చూశాడు. మరి మేం అన్నారు కదమ్మా అన్నాడు. అందరూ అలాగే అంటారు కదండీ అన్నాను. నిజమేనమ్మా, మా ఇంట్లో ఉండేదీ నేనూ నా నిచ్చెనే, అయినా మేం అనే అంటాను అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. తప్పు నాది, మళ్ళీ తెల్లరంగు వేసిస్తాను అన్నాడు. వద్దన్నాను. ఇప్పుడు ఆ కొక్కేలకి నా హ్యాండ్‌బ్యాగూ గొడుగూ తగిలిస్తున్నాను. తీసుకున్నప్పుడల్లా వంగాలి.

హాలు మాత్రం అలాగే ఉంది. అయిదు రంగులూ నన్ను చూస్తున్నాయి, నేను వాటిని చూస్తున్నాను. నువ్వొచ్చి ఏదో ఒకటి అను. తిట్టడానికైనా సరే, రా.

నీ చెల్లెలు


ఫిబ్రవరి 4, ఆదివారం

అక్కకు,

నమస్కారాలు ఎప్పటివే. కొత్తగా చెప్పడానికి ఎక్కువ లేదు.

పెద్దాయన వెళ్ళిపోయాడు. హాలు తప్ప అన్నీ అయిపోయాయి, హాలు రంగు నేను చెప్పడం లేదు. ఎన్నాళ్ళని వచ్చి కూర్చుంటాడు పాపం. వేరే చోట పని ఒప్పుకున్నాను, మీరు అనుకున్నాక ఒక్క కబురు చెయ్యండి, వచ్చి రెండు రోజుల్లో ముగించేస్తాను అన్నాడు. నిచ్చెన తీసుకెళ్ళాడు. అది ఆనించి ఉంచిన చోట నేలమీద రెండు గీతలున్నాయి, తుడిచినా పోలేదు.

రంగు తేల్చుకోలేక ఆగానని ఆయన అనుకుంటున్నాడు. నీకు నిజం చెప్తాను, ఆయన్ని పంపించడం ఇష్టంలేక నాన్చాను. ఇంత వయసొచ్చి ఇదేం బుద్ధి అని నవ్వుకో.

కింద అంతస్తులో ఒక టైలరమ్మ ఉంది. ఆవిడ మిషను చప్పుడు నేలలోంచి వస్తుంది. ఒంటిగంటకి ఆగిపోతుంది, మళ్ళీ మూడున్నరకి మొదలవుతుంది. ఆదివారాలు ఆ మధ్య రెండున్నర గంటలూ ఎలా గడపాలో నాకు తెలియడం లేదు.

నిన్న పొద్దున తాళం వేస్తూ వెళ్ళొస్తాను అనేశాను. తలుపుతో. మనకి వెళ్తాను అనడం చేతకాదు కదా, ఎవరూ లేకపోయినా వస్తామనే చెప్పాలి.

నువ్వు రాయకపోతే నేనూ ఇక రాయను.

చెల్లెలు


ఫిబ్రవరి 25, ఆదివారం

అక్కకూ బావగారికీ మనసారా నమస్కారాలు.

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. టైలరమ్మ పోస్టుమాన్ దగ్గర తీసుకుని ఉంచి, కింద గేటు దగ్గర నా చేతికిచ్చింది. మెట్లమీదే చదివేశాను. లిఫ్టు ఎక్కడం కూడా మర్చిపోయాను, మూడు అంతస్తులూ చదువుకుంటూ ఎక్కాను.

నా మొదటి ఉత్తరం చూసి నీకు కాళ్ళూ చేతులూ ఆడలేదని రాశావు. ఆ మాట నేను అన్నానా, ఎప్పుడన్నాను, ఎందుకన్నాను అని వారాల తరబడి బుర్ర బద్దలు కొట్టుకున్నానన్నావు. చివరికి బావగారికి గుర్తొచ్చిందట. ఆ వారంలో ఆయన అక్కగారు, మీ వదిన, నాలుగోసారి ఫోన్ చేసి, హాలుకి గులాబీ రంగు వేయించండి, నా మాట వినండి అని పట్టుబట్టిందనీ, నీకు ఒళ్ళు మండి ఆవిడతో అన్న మాట అదనీ, ఆవిడ రెండు నెలలు మీ ఇంటి ఛాయలకి రాలేదనీ రాశావు. నేను ఆకుపచ్చ అన్న సంగతే నీ చెవిన పడలేదన్నావు.

ఆ తర్వాత వాక్యం కిందటి మంగళవారంనుంచి నా తలలో తిరుగుతూనే ఉంది. మా ఇల్లు అని ఆవిడతో అన్నానంటే ఆ మా లో నువ్వున్నావే పిచ్చిదానా అని రాశావు. నిన్ను బయటిదానివంటే నా నాలుక పడిపోదా అని రాశావు. నొప్పించాను, మన్నించు అని రాశావు. అక్క చెల్లెలికి రాయాల్సిన మాట కాదది. హాలుకి ఇప్పుడు లేత ఆకుపచ్చ వేయించామన్నావు. బావగారు దగ్గరుండి రంగు కలిపించారన్నావు. నీ గది నీదే, పక్కమీద దుప్పటి కూడా తియ్యలేదు, వచ్చెయ్ అన్నావు.

ఎంత మంచివాళ్ళక్కా మీరు. పోనీలే. అందులో నీ తప్పేముంది? నువ్వు అటు తిరిగి ఉన్నావు, నేను వంగి చెప్పులు విప్పుకుంటున్నాను, మాట ఎవరికి తగిలిందో ఎవరు చూశారు. పొరపాటు అనుకుందాం, మర్చిపోదాం.

ఇక్కడి కబురు చెప్తాను. హాలు అయిపోయింది! నీ ఉత్తరం వచ్చిన మర్నాడే పెద్దాయనకి కబురు పెట్టాను. వచ్చాడు. గోడ ముందు ఇద్దరం నిలబడ్డాం. ఏ రంగమ్మా అన్నాడు. వంకాయరంగు అన్నాను. ఆయన నమ్మలేదు. ఆకుపచ్చ కదా ముందు పూయించారు అన్నాడు. నాకు ఆకుపచ్చ ఇష్టమో కాదో నాకే తెలియదండీ, ఊరికే అన్నాను అన్నాను. ఈ రంగు హాలుకి ఎవరూ వెయ్యరమ్మా, చూసినవాళ్ళు నవ్విపోతారు, పెయింటరెవడని అడిగితే నా పేరు చెప్పకండి అన్నాడు. నవ్వేవాళ్ళు రానీండి ముందు అన్నాను. రెండు పూతలు వేశాక కిటికీ తీసి, గుమ్మం దాకా వెనక్కి నడిచి చూశాడు. తల అటూ ఇటూ తిప్పి, ఫర్వాలేదు అన్నాడు. ఆయన నోట ఫర్వాలేదు అంటే చాలా పెద్ద మాట. నాకైతే పొద్దున లేచి ఆ గోడ చూస్తే ప్రాణం లేచొస్తోంది. ఒకరిని అడక్కుండా నేను తేల్చుకున్నది పుట్టి బుద్ధెరిగాక ఇదొక్కటే.

వచ్చెయ్ అన్నావు. రాలేనక్కా. అలిగి కాదు. ఒంటరిగా లేదా అంటే ఉంది, నీ దగ్గర దాచను. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేవాళ్ళు లేరు. జ్వరం వస్తే నుదుటిమీద చెయ్యి నాదే. ఆదివారం మధ్యాహ్నం మీ ఇంట్లో ఈ వేళకి బావగారు కుర్చీలో గుర్రుపెడుతుంటారు, నువ్వు ఆయన పేపరు మెల్లిగా లాగి చదువుతుంటావు. అది తల్చుకుని నా పేపరు మడిచి పక్కన పెట్టేస్తాను. మొన్న కోర్టులో ఒక ముసలావిడ సాక్ష్యం చెప్తూ మా ఇంట్లో ఎవరూ లేరండీ అంది. నా పెన్సిలు ఆగిపోయింది. జడ్జిగారు నావైపు చూశారు. అయినా రాలేను. ఎందుకని అడగొద్దు.

వచ్చే ఆదివారం మీరిద్దరూ రండి. లిఫ్టు పనిచేస్తోంది, బావగారి మోకాలికి భయం లేదు. భోజనం నేనే చేస్తాను. కుర్చీలు రెండే ఉన్నాయి, నేను నిలబడి వడ్డిస్తాను.

మీ రాకకోసం చూస్తూ,
చెల్లెలు

తా.క. పై ఉత్తరం మడిచి కవరు అంటించేశాను. మళ్ళీ చింపాను. ఎందుకని అడగొద్దన్నాను కానీ, నువ్వు అడక్కపోయినా చెప్పాలి. నువ్వు మన్నించు అని రాసిన కాగితం ఇంట్లో పెట్టుకుని నాకు అన్నం సయించడం లేదు.

ఆ సాయంత్రం నేను గుమ్మంలోకి వచ్చేసరికే నీ చెవి దగ్గర ఫోను ఉంది. చూశాను. వదినా అని పిలవడం కూడా విన్నాను. ఎవరు, ఎవరితో, ఏమన్నారో ఇరవై రెండేళ్ళుగా పొల్లుపోకుండా రాస్తున్నదాన్ని, నాకా పొరపాటు రాదు. నీకు రాసిన ఉత్తరంలో ఆ ఫోను ఒక్కటీ కావాలనే వదిలేశాను.

పది రోజుల్లో ఎవరికైనా ఇల్లు దొరుకుతుందా అక్కా? ఆ రోజుకి ఈ ఇంటి తాళంచెవి నా బ్యాగులోకి వచ్చి రెండు నెలలైంది. రోజూ ఇవాళ చెప్పేద్దామని వచ్చేదాన్ని. నువ్వు టీ గ్లాసు చేతికిచ్చి, కాళ్ళు లాగుతున్నాయా అని అడిగేదానివి. పందొమ్మిదేళ్ళలో నువ్వు గానీ బావగారు గానీ నన్ను పల్లెత్తు మాట అనలేదు. నా గదిలోకి తలుపు తట్టకుండా వచ్చేవాళ్ళు, వచ్చినప్పుడల్లా చేతిలో నాకోసం ఏదో ఒకటి ఉండేది. అంత కడుపులో పెట్టుకుని చూసిన మనుషులతో, నాకంటూ ఒక తలుపు కావాలి, అది నేను వేసుకోవాలి అని ఏ నోటితో చెప్పను? మీరేదో అన్నారని అయితే వెళ్ళొచ్చు. ఏమీ అనకపోతే ఎలా వెళ్తాను?

ఇది చదివాక ఆదివారం రావాలో వద్దో నీ ఇష్టం. రాకపోతే నిన్ను ఏమీ అనుకోను. మన్నించమని మాత్రం ఇంకెప్పుడూ రాయకు. నువ్వు నన్ను ఒక్కసారి బయటిదానివి అంటే బాగుండునని ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చున్నాను. నువ్వు అనలేదు. అందుకని ఇంకొకళ్ళని అన్న మాట పట్టుకుని వచ్చేశాను.